కారు చవకే... మరి రిపేరు?

కొత్త చిన్నకారు కొందామని బయల్దేరిన కుటుంబానికి దారిలో అదే ధరకు బీఎండబ్ల్యూ కనిపిస్తే? తోలు సీట్లు, పైకప్పుకు అద్దం, ముట్టుకుంటే మూసుకునే డోర్లు... మనసు ఊగిసలాడక ఏం చేస్తుంది! పాతికా ముప్ఫై లక్షల లగ్జరీ ఎస్‌యూవీలు పదేళ్లు తిరిగేసరికి సెకండ్ హ్యాండ్ మార్కెట్లో నాలుగో వంతు ధరకే దొరుకుతున్నాయి. ఇక్కడే ఓ చిక్కుంది. వయసుతో కారు ధర తగ్గుతుంది కానీ, దాని విడిభాగాల ధర తగ్గదు. కారు సెకండ్ హ్యాండే, స్పేర్ పార్టు మాత్రం ఫస్ట్ హ్యాండ్!

బీఎండబ్ల్యూ ఎక్స్1నే తీసుకుందాం. 2010 డిసెంబరులో 22 లక్షల ప్రారంభ ధరతో మనదేశంలోకి వచ్చింది. జర్మన్ లగ్జరీ అంత తక్కువకా అని అప్పట్లో జనం ఎగబడ్డారు. ఆనాటి బండ్లు ఇప్పుడు రెండో యజమానినో మూడో యజమానినో వెతుక్కుంటున్నాయి.

గొలుసు తెగితే...

మొదటితరం ఎక్స్1లోని రెండు లీటర్ల డీజిల్ ఇంజిన్ పేరు ఎన్47. హుషారైనదే, మైలేజీ కూడా బాగానే ఇస్తుంది. దాని బలహీనత టైమింగ్ చైన్. ఇంజిన్‌లో పిస్టన్లూ వాల్వులూ ఒకదానికొకటి తగలకుండా లయ తప్పకుండా నడిపించే గొలుసు ఇది. చాలా ఇంజిన్లలో ముందువైపు ఉంటుంది. ఎన్47లో మాత్రం వెనక, గేర్‌బాక్సు వైపు ఉంటుంది. అది సాగినా, అరిగినా మార్చడానికి గేర్‌బాక్సో, మొత్తం ఇంజినో కిందికి దించాల్సిందే. గొలుసు ఖరీదుకన్నా ఈ దించి ఎక్కించే కూలీయే ఎక్కువ. వర్క్‌షాపును బట్టి సుమారు లక్షన్నర నుంచి మూడు లక్షలదాకా అవుతుంది. పట్టించుకోకపోతే గొలుసు తెగి వాల్వులు పిస్టన్లను ఢీకొంటాయి. అప్పుడు ఇంజిన్ ఖర్చు కారు కొన్న ధరతో పోటీపడుతుంది.

దీన్ని ముందే పసిగట్టొచ్చు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే వెనకవైపు నుంచి గొలుసు ఈడ్చినట్టు గరగరమంటుంది. అందుకే కారు చూడ్డానికి వెళ్లేటప్పుడు 'మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు' అని చెప్పాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వేడిగా ఉంటే ఎందుకు వేడిచేశారో అడగాలి!

ఆయిలు తాగేవి, గాలి వదిలేవి

ఆడి క్యూ5ది మరో కథ. 2009-11 నాటి రెండు లీటర్ల పెట్రోల్ ఇంజిన్లలో కొన్ని పిస్టన్ రింగుల లోపంతో ఇంజిన్ ఆయిల్‌ను తెగ తాగేశాయి. అమెరికాలో యజమానులు కోర్టుకెక్కితే కంపెనీ రాజీకి వచ్చింది. సర్వీసుల మధ్య లీటర్లకొద్దీ ఆయిల్ పోయాల్సి వస్తోందంటే ఈ జబ్బేమోనని అనుమానించాలి.

రేంజ్ రోవర్, ఆడి క్యూ7 లాంటి పెద్ద బండ్లలో స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు సంచులు ఉండే రకాలున్నాయి. రబ్బరు పగుళ్లిస్తే గాలి కారుతుంది. రాత్రి నిలిపిన కారు తెల్లారేసరికి ఓ మూలకు కుంగి ఉందంటే అదే. షోరూంలో ఒక్క చక్రం వైపు మార్చినా బిల్లు లక్ష దాటొచ్చు.

బీఎండబ్ల్యూలు చాలావాటికి రన్‌ఫ్లాట్ టైర్లుంటాయి. పంక్చరైనా 80 కిలోమీటర్లు వెళ్లొచ్చు. అయితే పక్కగోడలు గట్టిగా ఉండటంతో గోతుల్లో కుదుపు తెలుస్తుంది, ధరా ఎక్కువే. నాలుగూ ఒకేసారి మార్చాలంటే లక్ష దాకా చూసుకోవాలి.

ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్‌ను జీవితాంతం మార్చనక్కర్లేదని అమ్మేటప్పుడు చెబుతారు. బీఎండబ్ల్యూలకు ఎనిమిది గేర్ల గేర్‌బాక్సు తయారుచేసే జడ్ఎఫ్ సంస్థ మాత్రం 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటోంది. ఆయిల్ మార్పు వేలతో పోతుంది. గేర్‌బాక్సే పోతే లక్షలు!

మునిగినవీ... వలస వచ్చినవీ...

2015లో చెన్నై, 2020లో హైదరాబాద్, 2024లో విజయవాడ... వరదలు వచ్చిన ప్రతిసారీ ఎన్నో కార్లు నీట మునిగాయి. వాటిలో కొన్ని తుడుచుకుని మళ్లీ మార్కెట్లోకి వస్తాయి. లగ్జరీ కారు నిండా ఎలక్ట్రానిక్సే. లోపల తుప్పు మొదలైతే ఏ రోజు ఏ లైటు వెలుగుతుందో చెప్పలేం.

ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై ఆంక్షలను 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025లో కొంత సడలించింది. ఆ భయంతో అక్కడివాళ్లు వదిలించుకున్న కార్లు చవగ్గా ఇటూ వచ్చాయి. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలకు మించి ఉంటే కొత్త రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోవాలి. అందుకు ఎన్‌వోసీ కావాలి, లైఫ్ టాక్సూ కట్టాలి. ఆ లెక్క వేశాకే చవకో కాదో తేలుతుంది. పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ సరేసరి. 2011లో రిజిస్టరైన బండ్లకు ఆ గడువు 2026లోనే.

బీమా ఉందిగా అనుకోవద్దు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖరీదులో సగం యజమానే భరించాలి. అయిదేళ్లు దాటిన కారైతే లోహపు భాగాలకూ కనీసం 40 శాతం కోత పడుతుంది. ఆ కోత లేని జీరో డిప్రిసియేషన్ పాలసీ పాతబండ్లకు దొరకడం కష్టం.

కొనేముందు...

* ఛాసిస్ నంబరుతో షోరూంలో సర్వీసు చరిత్ర తీయించాలి. మీటరు వెనక్కి తిప్పారేమో తెలిసిపోతుంది. రీకాల్ పనులు మిగిలాయేమో కూడా అడగాలి. 2018లో బీఎండబ్ల్యూ ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల డీజిల్ కార్లను మంటల భయంతో వెనక్కి పిలిచింది.
* ఆ బ్రాండు కార్లే చేసే మెకానిక్‌తో స్కాన్ చేయించాలి. ఆ కాస్త ఖర్చుకు వెనకాడొద్దు.
* సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి. బురద మరకలుంటే వరద బండే.
* బీఎస్6 డీజిల్ అయితే పొగ వడపోసే ఫిల్టరు ఉంటుంది. పిల్లల్ని బడిలో దించే చిన్నచిన్న దూరాలకే వాడితే అది పూడుకుపోతుంది. అలాంటి అవసరానికి పెట్రోలే మేలు.
* కొన్న ధర కాక కనీసం రెండు మూడు లక్షలు పక్కన పెట్టుకోవాలి. అది లేకపోతే బేరం వదులుకోవడమే మంచిది.

ఇంత చదివాక లగ్జరీ కారు వద్దే వద్దని కాదు. సర్వీసు చరిత్ర శుభ్రంగా ఉన్న బండి దొరికితే, జేబులో రిపేరు సొమ్ము కూడా ఉంటే హాయిగా తిరగొచ్చు. ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడకూడదంటారు. సెకండ్ హ్యాండ్ లగ్జరీ కారు విషయంలో అంకుశం ఖరీదు తెలుసుకున్నాకే ఏనుగు బేరమాడాలి!