కట్ట వేరు, అతుకు వేరు: కంప్యూటర్ బొమ్మలో గీతలు కలిపే విధానం

షోలాపూరు తూర్పు పేటల్లోని నేతగాళ్ల ఇళ్లలో ఇంటి భాష తెలుగు, వీధి భాష మరాఠీ. తెలంగాణ జిల్లాల నుండి మగ్గాన్ని నమ్ముకొని వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలివి. ఇక్కడి చద్దరుకు, టెర్రీ తువ్వాలుకు 2005-06లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ ఇళ్ల పిల్లల్లో కంప్యూటర్ మీద డిజైన్లు గీయడం నేర్చేవారికి పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే దొరుకుతాయి. అయితే ఆ పాఠాల్లో తరచు తికమక పెట్టే ఒక విషయాన్ని, అనగా గీతకు గీతను కలపడాన్ని, తాతగారి మగ్గం మాటలతోనే తేలికగా చెప్పవచ్చునని మా అభిప్రాయం.

ముందుగా గీత అంటే ఏమిటో చూద్దాం. వెక్టర్ బొమ్మలో గీత సిరా చార కాదు. అది కొన్ని బిందువుల వరుస. రెండు బిందువుల నడుమ వంపు ఎంతో తెలిపే లెక్క. బిందువును నోడ్ అనీ, వరుసను పాత్ అనీ అంటారు. ఈ వంపుల గణితాన్ని 1960లలో ప్రచారంలోకి తెచ్చిన పియేర్ బెజియే ఫ్రాన్సులో కార్ల కంపెనీ ఇంజనీరు. 1804లో జకార్డు యంత్రాన్ని రూపొందించిన జకార్డు కూడా ఆ దేశస్థుడే.

ఇప్పుడు చద్దరు కోసం ఒక నెమలిని గీశామనుకుందాం. మెడ ఒక గీత, వీపు ఒక గీత, పొట్ట మరొక గీత. కొనలు తాకుతున్నట్టే కనబడతాయి. రంగు వేయబోతే కోరల్‌డ్రాలో మామూలుగా రంగు పడదు. ఇలస్ట్రేటర్‌లో, ఇంక్‌స్కేప్‌లో పడుతుంది గాని, ఒక్కొక్క గీత రెండు కొనల మధ్య నిటారుగా కోసినట్టు పడుతుంది. కారణం ఒక్కటే. మన కంటికి అది నెమలి. యంత్రానికి మూడు తెగిన పోగులు.

ఇది చిన్న లోపం కాదు. నేతకు వెళ్లే ముందు బొమ్మ గళ్లుగా మారుతుంది. ఒక్కొక్క గడి ఒక పడుగు పోగు, ఒక పేక పోగు కలిసే చోటు. నెమలి లోపలి గళ్లకు ఒక నేత, బయటి గళ్లకు మరొక నేత. హద్దు మూసుకోకపోతే ఏ గడి లోపలిదో, ఏది బయటిదో తేలదు. పైగా బొమ్మ పన్నాలో పలుమార్లు వస్తుంది గనుక తప్పు కూడా అన్నిమార్లు వస్తుంది. కార్డులకు బెజ్జాలు కొట్టాక దిద్దడం కంటే తెర మీదనే దిద్దుకోవడం చవక.

కొత్తవారు సాధారణంగా చేసే పొరపాటు, మూడు గీతలనూ ఎంచి గ్రూప్ చేయడం. గ్రూప్ అంటే కట్ట కట్టడం. పది పోగులను తాడుతో కట్టినంత మాత్రాన అవి ఒక పోగు కావు. కంబైన్ అంటే గీతలన్నిటినీ ఒకే వస్తువుగా లెక్కించడం. అప్పటికీ కొనలు విడిగానే ఉంటాయి. జాయిన్ ఒక్కటే అతుకు.

కోరల్‌డ్రాలో ముందు కంబైన్ చేసి, షేప్ టూల్‌తో రెండు కొనల నోడ్‌లను ఎంచి జాయిన్ చేయాలి. ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్-కె నొక్కి కంబైన్ చేసి, నోడ్‌లను ఎంచి షిఫ్ట్-జె నొక్కాలి. ఇలస్ట్రేటర్‌లో రెండు కొనలను ఎంచి కంట్రోల్-జె నొక్కితే సరిపోతుంది.

అతుకులోనూ రెండు రకాలున్నాయి. మొదటి రెండింటిలో పైన చెప్పిన ఆజ్ఞ రెండు కొనలనూ నడిమికి లాగి ఒకటి చేస్తుంది. ఇలస్ట్రేటర్ కొనల నడుమ ఎడముంటే ఒక సరళరేఖను వేస్తుంది. తెగిన పడుగు పోగు అందనప్పుడు నేతగాడు అదే నూలు తునకను మధ్యలో వేసి ముడివేయడం వంటిదే ఇది. ఎడం కొద్దిగా ఉంటే లాగడం మేలు. ఎక్కువైతే లాగినప్పుడు వంపు చెడుతుంది గనుక తునక వేయడం మేలు.

ఏ కొనకు ఏ కొన అన్నది మరువరాదు. పాత పడుగు అయిపోయి కొత్తది అతికేటప్పుడు ప్రతి పోగూ తన జత పోగునే చేరాలి. వరుస తప్పితే పోగులు అడ్డం పడతాయి. తెర మీద కూడా తప్పు కొనలను ఎంచితే గీత నెమలి కడుపుకు అడ్డంగా పోతుంది. అందువల్ల పని ముగిశాక రంగులు దాచి గీతలను మాత్రమే చూపే ఔట్‌లైన్ దృశ్యంలో, దగ్గరగా పెంచి, ఒక్కొక్క మూలనూ పరీక్షించాలి.

పడుగు, పేక, పోగు, అతుకు అనే మాటలు పాతబడలేదని పై ఉదాహరణలే చెబుతున్నాయి. మన విద్యార్థులు ఇళ్లలో పెద్దలను అడిగి ఇటువంటి మాటలను రాసిపెట్టుకోవాలని కోరుతున్నాము. మగ్గం ఆగిన ఇంట్లో ముందుగా జారిపోయేది మాటే. దాన్ని కొత్త పనిముట్టుకు అతకగలిగినవారు ఆ రెండు తరాల మాట తెలిసినవారే.