మీకు తెలుసా? రేకు పెట్టెలో రాజమహల్ హాలు!

ఫలక్‌నుమా ప్యాలెస్ భోజనశాలలో 101 మంది కూర్చునే బల్ల ఉంది. ఒక కొసన గుసగుసలాడినా రెండో కొసకు వినిపిస్తుందంటారు. అలాంటి హాలు లేని గిటారిస్టుల కోసం 1963లో ఫెండర్ కంపెనీ ఆంప్లిఫయర్‌లోనే, హాలులో మోగినట్టు వినిపించే రివర్బ్ అమర్చింది. అదేమిటంటే, రేకు పెట్టెలో సన్నటి స్ప్రింగులు! గిటార్ సిగ్నల్ ఒక చివర స్ప్రింగును వణికిస్తుంది. ఆ వణుకు రెండో చివర మళ్లీ కరెంటవుతుంది. స్ప్రింగులో హెచ్చు, తగ్గు స్వరాలు ఒకే వేగంతో నడవవు. ఆ ‘టొయింగ్’ మోత అందుకే. ఇలాంటి ఆంప్ ధ్వనిని సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే డిజిటల్ మోడలింగ్‌లో ఈ ఆలస్యాలను, స్వరాల బలం మార్చకుండా ఆలస్యం మాత్రమే మార్చే ఆల్‌పాస్ ఫిల్టర్ల వరసతో లెక్కగడతారు.

అసలు చిక్కు పాత ఆంప్‌లోని వాల్వులతోనే (గాజు గొట్టాలతోనే). మెల్లగా మీటితే తేటగా, గట్టిగా మీటితే కాస్త గరగరగా పలుకుతాయి. సాఫ్ట్‌వేర్ ప్రతి మీటుకూ ఆ తేడా పట్టాలి. పాత ఆంప్‌ను కాలితో తంతే స్ప్రింగులు ఉరుముతాయి; ల్యాప్‌టాప్‌ను తన్నిచూడకండి.