మీకు తెలుసా? పైసా అడగని సాఫ్ట్‌వేర్లు!

ముందు చిన్న రహస్యం చెబుతా, ఇటు రండి! జిప్ ఫైళ్లు విప్పే సెవెన్ జిప్ ఉంది కదా, దాన్ని ఇన్‌స్టాల్ చేసే ఫైలు 2 ఎంబీ కూడా ఉండదు! మైపాడు బీచ్‌లో మీరు ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో దానికంటే బరువుంటుంది! ప్రకటనల్లేవు. గడువు లేదు. కొనమని గోల లేదు. ఇంత చిన్న పనికి ఎవరైనా వందల ఎంబీల సరుకు అంటగడుతుంటే అక్కడే ఆగండి!

రోడ్డు మీద పెట్టే కోన్ బొమ్మ, నారింజ చారలు... గుర్తొచ్చిందా? అదే వీఎల్‌సీ ప్లేయర్! ప్రపంచమంతా కలిపి దాన్ని ఎన్నిసార్లు డౌన్‌లోడ్ చేసుకుందో ఊహించండి. 600 కోట్ల సార్లు! అయినా అందులో ఒక్క ప్రకటన కూడా రాదు! అటక మీది పాత పెళ్లి డీవీడీ పెట్టినా కిక్కురుమనకుండా ఆడేస్తుంది.

ఆ వీఎల్‌సీ సైటే మన దేశంలో తెరుచుకోకుండా పోయిందంటే నమ్ముతారా? 2022లో! ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా అదే పరిస్థితి! అలాంటప్పుడే ఎక్కడ దొరికితే అక్కడ దింపుకోవాలనిపిస్తుంది. వద్దండీ! ఇప్పుడు విడియోలాన్ డాట్ ఓఆర్‌జీ హాయిగా తెరుచుకుంటోంది. నేరుగా అక్కడికే వెళ్లండి.

సొంత సైటు నుంచే తెచ్చుకుంటే ఇక భయం లేదనుకుంటున్నారా? ఇది వినండి! కంప్యూటర్‌ను శుభ్రం చేస్తానని చెప్పే సీసీక్లీనర్‌లోకే 2017లో దొంగలు దూరారు! కంపెనీ సొంత సైటులో పెట్టిన ఫైల్లోనే వైరస్! అది 22.7 లక్షల కంప్యూటర్లలోకి వెళ్లిపోయింది! నన్నడిగితే మామూలు వాడకానికి ఈ క్లీనర్లు అసలు అక్కర్లేదు. విండోస్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ సెన్స్ ఉంది. ఆన్ చేసి వదిలేయండి, చెత్త అదే ఊడ్చుకుంటుంది!

మరి కొత్త ఫైలును నమ్మేదెలా? రొయ్యల చెరువులో సీడ్ వదిలే ముందు ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయిస్తాం కదా, దీనికీ అలాంటి ల్యాబ్ ఉంది! పేరు వైరస్‌టోటల్. దింపుకున్న ఫైలును ఆ సైటులో వేస్తే 70కి పైగా యాంటీవైరస్‌లు ఒకేసారి దాన్ని జల్లెడ పడతాయి! అదీ ఉచితంగా! ఒకటీ అరా ఎర్రగా చూపిస్తే పొరపాటు కావచ్చు. పది, పదిహేను ఎర్రబడ్డాయా? డిలీట్ కొట్టేయండి! ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. అక్కడ సాఫ్ట్‌వేర్ ఫైళ్లే వేయాలి. ఆధార్, పాస్‌బుక్ లాంటివి పొరపాటున కూడా వేయకండి, అక్కడ వేసింది ఇతరుల చేతికీ చేరుతుంది!

ముత్తుకూరులోనో, కోటలోనో నెట్ సెంటర్‌కు వెళ్లి అడగండి. "అన్నా, పోయిన నెల స్కాన్ చేసిన పాస్‌బుక్ యాడుంది?" ఇక చూడాలి! న్యూ ఫోల్డర్, అందులో ఇంకో న్యూ ఫోల్డర్, దాంట్లో మరోటి! ఎవ్రీథింగ్ అనే బుల్లి సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఈ తిప్పలే ఉండవు. 10 లక్షల ఫైళ్లున్నా సుమారు ఒక్క నిమిషంలో జాబితా రాసేసుకుంటుంది! ఆ తర్వాత మీరు రెండక్షరాలు కొట్టేలోపే ఫైలు కళ్ల ముందుంటుంది! పేరు తెలుగులో పెట్టినా సరే, దొరుకుతుంది! నలుగురూ వాడే కంప్యూటరైతే మాత్రం ఆలోచించుకోండి. అందరి ఫైళ్ల పేర్లూ అందరికీ కనపడిపోతాయి.

కెమెరా కార్డులోంచి ఫొటోలు చెరిగిపోయాయా? కంగారు పడకండి! ఫొటోరెక్ అనేది 480కి పైగా రకాల ఫైళ్లను వెనక్కి లాక్కొస్తుంది! తెరిస్తే నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే. బటన్లు కావాలంటే దాంతోపాటే వచ్చే క్యూఫొటోరెక్ తెరవండి. పాత పేర్లు మాత్రం రావు, ఎఫ్ అక్షరం పక్కన ఏవో అంకెలుంటాయి. కార్డులో కొత్త ఫొటో తీయకుండా వెంటనే బయటికి తీశారా, సగం గెలిచినట్టే! దొరికినవాటిని మళ్లీ అదే కార్డులో వేయకండి, వేరే డిస్కులోకే!

ఇది చాలామందికి తెలియదు! ఫొటోల సైజు తగ్గించే ఇర్ఫాన్‌వ్యూ 1996 నుంచీ ఉచితమే! అయితే ఇంట్లో వాడుకుంటేనే! షాపులో కస్టమర్ దగ్గర డబ్బు తీసుకుని దాంతో ఫొటో సైజు తగ్గిస్తే లైసెన్స్ కొనాలి! సెవెన్ జిప్, వీఎల్‌సీలకు ఆ పేచీ లేదు. ఇల్లయినా, దుకాణమైనా, ఐస్ ఫ్యాక్టరీ ఆఫీసైనా ఒకటే!

"నెక్స్ట్, నెక్స్ట్" అని నొక్కుకుంటూ పోయేవాళ్లకు ఈ కబురు! అడుగున సన్నటి అక్షరాల పక్కన ముందే టిక్కు పెట్టి ఉంటుంది. ఏదో టూల్‌బార్, ఇంకేదో యాంటీవైరస్! నినైట్ అనే సైటులో మీకు కావలసినవి ఎంచుకోండి. అన్నీ కలిపి 1 ఫైలు ఇస్తుంది! దాన్ని ఒక్కసారి నొక్కితే ఆ టిక్కులన్నిటికీ మీ బదులు అదే "వద్దు" చెప్పేస్తుంది! ఇదీ ఇంటి వాడకానికే ఉచితం సుమా.

అసలు ఏదీ దింపుకోనక్కర్లేని అద్భుతం ఒకటుంది! విండోస్ బటన్ పట్టుకుని వీ నొక్కండి. మొదటిసారి ఆన్ చేయమంటుంది, చేసేయండి. ఇకపై మీరు కాపీ చేసినవి 25 దాకా వరసగా కనిపిస్తాయి! ఫారాలు నింపేవాళ్లకు ఎంత సమయం కలిసొస్తుందో! పని అయ్యాక "క్లియర్ ఆల్" కొట్టడం మరవకండి. పాస్‌వర్డులు కూడా అందులోనే కూర్చుంటాయి!

చివరిది మన జిల్లా ముచ్చట! 2008లో నెల్లూరు జిల్లా పేరులో చేరిన పొట్టి శ్రీరాములు గారి పేరుతో ఒక తెలుగు ఫాంట్ ఉంది! సిలికానాంధ్ర ఉచితంగా పంచిన ఫాంట్లలో అదొకటి! గురజాడ, సూరన్న, ధూర్జటి, తెనాలి రామకృష్ణ... వీళ్లందరి పేర్లతోనూ ఉన్నాయి! అన్నీ యూనికోడే, కాబట్టి ఫోన్లో కొట్టిన తెలుగును కంప్యూటర్లో పేస్ట్ చేసి ఈ అక్షరాల్లోకి మార్చుకోవచ్చు! ఈసారి ఫ్లెక్సీ వేయించేటప్పుడు మీ డీటీపీ షాపులో అడిగి చూడండి!