ప్లాస్టిక్ బియ్యమా? పోషకాల బియ్యమా?

గోదావరి జిల్లాల ఇల్లాలికి బియ్యం గురించి ఒకరు చెప్పాలా? చేటలో పోసి చూస్తే చాలు, కొత్తవో పాతవో ఇట్టే చెప్పేస్తుంది. అంత తెలిసిన మనల్నే సెల్‌ఫోన్‌లో వచ్చిన ఓ వీడియో కంగారు పెట్టేసింది!

2017లో ‘చైనా ప్లాస్టిక్ బియ్యం’ అంటూ తెలుగునాట గగ్గోలు పుట్టింది. అన్నం ముద్ద బంతిలా ఎగిరిందని వీడియోలు చూపించారు. అన్నంలోని గంజిపదార్థం జిగురు వల్ల గట్టిగా వత్తిన ఏ ముద్దయినా కాస్త ఎగురుతుంది. తర్వాత రేషన్ బియ్యంలో పోషకాల గింజలు కలపడం మొదలయ్యాక ఆ పుకారుకు మళ్లీ ప్రాణం వచ్చింది.

ఇంతకీ ఆ గింజలేమిటి?

బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి, మరలో గింజల్లా వత్తుతారు. నూరు మామూలు గింజలకు ఒకటి చొప్పున కలుపుతారు. రంగు కాస్త తేడాగా ఉంటుంది, కొన్ని నీళ్లలో తేలతాయి. అంతే, ‘ప్లాస్టిక్’ అని ఏరి పారేసిన ఇళ్లున్నాయి. మన రాష్ట్రంలో ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. పారేసింది ఎవరి కోసం పెట్టిన ఐరనో ఆలోచించండి!

మనమెందుకు నమ్ముతాం?

పాలల్లో నీళ్లు, కారంలో రంగు చూసినవాళ్లం కాబట్టి కల్తీ అంటే చాలు, అనుమానం వస్తుంది. పైగా పంపింది పిన్నిగారో, వదినగారో. అదే మాట నాలుగు వైపులనుంచి వస్తే నిజమే అనిపిస్తుంది. ‘పిల్లలు తింటారు, జాగ్రత్త’ అంటే ఏ తల్లి ఊరుకుంటుంది? పదిమందికీ పంపేస్తుంది. అంటే పుకారును మోసేది మన చెడ్డతనం కాదు, మన ప్రేమే! సెల్‌ఫోన్లు లేని రోజుల్లోనూ తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకోలేదూ? 1995లో వినాయకుడు పాలు తాగాడంటే గ్లాసులు పట్టుకుని పరుగెత్తలేదూ? అప్పుడు నోటిమాట, ఇప్పుడు వేలికొస. 2018లో మన దేశంలో వాట్సాప్ ఒక మెసేజిని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది కూడా ఇందుకే.

మీరేం చేయాలి?

అనుమానం వస్తే ఆ గింజలు నాలుగు నిప్పు మీద పెట్టండి. ప్లాస్టిక్ అయితే కరిగి, ఘాటు వాసన వేస్తుంది. బియ్యమైతే మాడి నల్లబడుతుంది. పోషకాల బియ్యాన్ని మరీ ఎక్కువసార్లు కడక్కండి. గంజి వార్చకుండా అత్తెసరు పెట్టుకుంటే పోషకాలు అన్నంలోనే ఉంటాయి. తలసీమియా ఉన్నవారు మాత్రం డాక్టరుగారిని అడిగి తినాలి.

ఈసారి ఫోన్‌లో అలాంటి కబురొస్తే, పంపేముందు ఒక్క నిమిషం ఆగండి. బియ్యంలో రాళ్లు ఏరే ఓపిక ఉన్న మనకు మాటల్లో రాళ్లు ఏరడం ఓ లెక్కా!