గడప దాటని వ్యాపారము

మా వీథిలో నొక వితంతువు అప్పడములు చేసి యమ్మి, యిద్దఱు పిల్లలను జదివించుకొనుచున్నది. కిందటి వేసవిలో బజారులోని యొక వర్తకుఁడు, పొట్లముపై ఆహారభద్రతాశాఖవారి నమోదు సంఖ్య యున్నచో మంచి ధర యిచ్చెదననియు, లేనిచో విడి సరకుగాఁ దక్కువ ధరకే కొందుననియుఁ జెప్పెను. ఆమె రెండవ బేరమునకే యొప్పుకొనెను.

అది తెలియనితన మని మేము తలఁచితిమి. అడుగఁగా నామె లెక్క వేఱుగా నుండెను. “అమ్మగారూ! కొనువారందఱు నన్నెఱిఁగినవారే. వారు నా చేయి చూచి కొందురు గాని కాగితము చూచి కొనరు. కచేరీకిఁ బోయిన దినమున నెండ వృథా యగును. ఒకసారి పేరెక్కినచో పన్ను వచ్చునేమో, పింఛను పోవునేమో!”

సోదరీమణులారా! చిన్న వ్యాపారములు ప్రభుత్వపు పట్టికల కెక్కకుండుటకు మోసబుద్ధియే కారణమని పలువురు తలంతురు. చాలమంది విషయమున నది సరికాదు. పరిచితుల నడుమ నమ్మకమే పత్రము. వ్యాపార మా యెల్ల దాటనంతవఱకు నమోదువలని లాభము కానరాదు. శ్రమ మాత్రము కనఁబడును.

అయినను ఆమె భయములో వేఱువేఱు సంగతులు ముడివడియున్నవి. స్వరాష్ట్రములోనే సరకమ్ముచు, ఏఁటి యమ్మకము 20 లక్షల రూపాయలు మించనివారికి సామాన్యముగా జీఎస్టీ నమోదు అక్కఱలేదు. 2020 జూలై 1వ తేదీన మొదలైన ఉద్యమ్ నమోదునకు రుసుము లేదు. బ్యాంకులో నప్పడుగునప్పుడది యుపకరించును. అందుఁ బేరెక్కినంత మాత్రమునఁ బన్ను పడదు. ఆహార నమోదు మాత్రము 2006 నాఁటి చట్టము ప్రకారము తినుబండారములు చేసి యమ్ము చిన్నవారికిని విధియే. 2011 నాఁటి నిబంధనలలో దాని రుసుము ఏఁటికి 100 రూపాయలు. దరఖాస్తు అంతర్జాలముననే పెట్టవచ్చును గాన నెండ పోవునను చింత లేదు. పింఛను సంగతి దానినిచ్చు కచేరీలోనే ముందుగా నడిగి తెలిసికొనుట మేలు.

1959లో బొంబాయిలోని గిర్‌గాఁవ్‌లో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల యప్పుతో మేడమీఁద నప్పడములు చేయ మొదలిడిరి. అదియే లిజ్జత్ సంస్థ. వారు సంఘముగా నమోదైనది 1966లో. ముఖపరిచయము లేని యిండ్లకు సరకు పోవునప్పుడు, చేతికి బదులు పేరు హామీ నిలువవలయును గదా!

మేమామెతోఁ గూర్చుండి యొక నెల లెక్క వ్రాసితిమి. వర్తకునికిఁ బోయిన వ్యత్యాస మా యొక్క నెలలోనే యేఁటి రుసుమునకుఁ బలురెట్లుండెను. ఆమె యా పుటను చాలసేపు చూచి, “నమోదు నా పేరనే గదా, మా మఱఁదిగారి పేరఁ గాదు గదా?” యని యడిగెను.

నీ పేరనే యని చెప్పితిమి. అప్పుడు గాని యామె సంతకమునకుఁ గలము తీసికొనలేదు.