సైకిలు, గాలితుపాకి, గూడబాతు



మొన్నటి సంక్రాంతి సెలవులలో దొరవారిసత్రమునుండి నేలపట్టునకు పోవు బాటమీద ఇద్దరు పిల్లలు సైకిలుపై పోవుట చూచితిని. వెనుక క్యారియరుమీద కూర్చున్నవాని ఒడిలో గాలితుపాకి యుండెను. పిలిచి మందలింపవలె ననుకొంటిని గాని వెంటనే నోరు రాలేదు. ఏలయనగా, సుమారు ఏబది యేండ్లకు పూర్వము ఆ బాటమీదనే ఆ విధముగా కూర్చుండి పోయినవాడను నేనే.

ఆ దినములలో సైకిలు ప్రతి యింట నుండెడి వస్తువు కాదు. అంగడిలో గంట కింత యని, పూట కింత యని అద్దెకు దొరకెడిది. కాళ్లందని పిల్లలు కడ్డీక్రింద కాలు దూర్చి సగము సగము త్రొక్కెడివారు. అద్దె డబ్బులు దొరకిననాడు మాకు రాజ్యము దొరకినట్లే. ఉండేలుతో ఊరిచెట్లమీది పిట్టలను కొట్టువారమైన మేము, సైకిలు వచ్చిన పిమ్మట పొరుగూరి చెరువులకుగూడ ఎగబడితిమి. ఒకనాడు మిత్రునియింటి గాలితుపాకి చేతికి చిక్కినది. నేలపట్టు చెరువులోని కడపచెట్లపై గూడబాతులు గూళ్లు కట్టి యుండెను. కొట్టినవాడను నేను. పక్షి చావలేదు. గాలితుపాకి గ్రుండు అంత పెద్దపక్షిని ఒక్కదెబ్బతో చంపుట యరుదు; గాయపరచి విడుచును. వ్రేలాడు రెక్కతో అది రెల్లులోనికి దూరెను.

అంతలో ఆ యూరి రైతు ఒకడు వచ్చి తుపాకి లాగికొనెను. కొట్టుననుకొంటిమి. అతడు మమ్ము చెరువుక్రింది మడికి దీసికొనిపోయి, "ఈ పైరు చూడండిరా. దీనికి ఎరువు వేసినవాళ్లను కొట్టితిరి" అని మాత్రమే యనెను. పక్షుల రెట్ట కలిసిన నీరు పొలమునకు బలమను సంగతి నాకు తెలిసినది ఆనాడే. నేలపట్టు, వెదురుపట్టు గ్రామములవారు ఈ పక్షులను తమ చుట్టములుగా నెంచి కాపాడుచున్నది ఊరక కాదు.

ఇది మనకు క్రొత్త ధర్మమును కాదు. చెంగల్పట్టు సీమలోని వేదంతాంగల్ రైతులు, తెల్ల సైనికులు తమ చెరువులోని పక్షులను కాల్చగా, కలెక్టరు లయొనెల్ ప్లేసునకు మొరపెట్టుకొని 1798లో వాటి రక్షణకై కౌలు పొందిరి.

గూడబాతు కాపుర మెట్టిదో వినుడు. గ్రుడ్లు పొదుగుటకు సుమారు 30 దినములు. పిల్లలు గూడు విడుచుటకు మూడు నెలలకు పైబడును. ఒక పక్షి కావలి యుండగా జోడుపక్షి పులికాటు సరస్సుదాక పోయి, చేపలను మ్రింగి తెచ్చి పిల్లలనోట పెట్టును. రెంటిలో ఒకటి పడెనా, మిగిలినది మేతకు పోవునా, కాకులనుండి గూడు కాచునా? మేము కొట్టినది ఒక పక్షిని. చెడినది ఒక కాపురము.

చట్టమును గూర్చి రెండు మాటలు. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో వచ్చినది. నేలపట్టు చెరువు 1976లో రక్షితస్థల మైనది. మొదట వేటకు కొన్ని లైసెన్సు లుండెడివి. 1991 సవరణతో అవియును పోయినవి. పక్షిని కొట్టుటయే కాదు, గ్రుడ్లను, గూళ్లను కదలించుటయు ఆ చట్టమునందు వేటయే. తక్కువ బలముగల గాలితుపాకికి లైసెన్సు అక్కరలేదు. కావుననే పిల్లలకు సులభముగా దొరకుచున్నది. తుపాకికి లైసెన్సు అక్కరలేదనగా పిట్టను కొట్టవచ్చునని యర్థము కాదు. ఈ భేదమును తలిదండ్రులే యెరుగరు. బజారులో కొని యిత్తురు.

అట్లని గురిచూచుట చెడ్డవిద్య యనుట లేదు. హైదరాబాదువాడైన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో 10 మీటర్ల గాలితుపాకి పోటీయందు కంచుపతకము గెలిచెను. ఆ కాగితపు గురి నడుమనుండు చుక్క వెడల్పు అర మిల్లీమీటరు మాత్రమే! దానిని కొట్టువాని చేయి వణకరాదు, ఊపిరి తడబడరాదు. పిట్టను కొట్టుట దానియెదుట ఎంత? అర్జునుని కథ చెప్పునప్పుడు మనవారు ఒకమాట విడిచెదరు. ద్రోణుడు చెట్టుకొనను నిలిపినది చేసిన బొమ్మపక్షి. విలువిద్య నేర్పుటకు ఆ యాచార్యునికి ప్రాణమున్న పక్షి యక్కర లేకపోయెను.

ఇక ఆ పిల్లలమాట. చెరువుగట్టు చేరకమునుపే కేకవేసి నిలిపితిని. తుపాకి మామదనిరి. నేను ధర్మశాస్త్రము చెప్పలేదు. నేను చేసిన పనియే చెప్పితిని. సైకిలు త్రొక్కుచున్నవాడు తల వంచుకొనెను. వెనుకవాడు, "అయ్యవారూ, ఆ పక్షి తరువాత ఏమైనది?" అని యడిగెను.

తెలియదంటిని. మరునాడు సైకిలు దొరకినను నేను చూచుటకు పోలేదు.