స్మృతి, కథనం, పునఃకథనం: ‘ఫైనల్ ఫాంటసీ’ క్రీడాపరంపర - ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

ఒకే పేరుతో దశాబ్దాలపాటు వెలువడే కథాపరంపరలను పోల్చేటప్పుడు, పాత భాగాలు సహజంగానే మెరుగైనవిగా తోస్తాయి. ఈ అభిప్రాయంలో కథాగుణం ఎంత, గతస్మృతి మోహం ఎంత అన్నది విమర్శ తేల్చవలసిన విషయం. జపాన్‌కు చెందిన ‘ఫైనల్ ఫాంటసీ’ అనే రోల్ ప్లేయింగ్ గేముల పరంపరను ఆధారంగా చేసుకొని, అందులోని ఆరు ప్రధాన భాగాల కథనరీతులనూ, ఏడవ భాగపు పునర్నిర్మాణాన్నీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కథావస్తు విభజన, సంచారిభావం వంటి భారతీయ అలంకారశాస్త్ర భావనలు ఈ కొత్త మాధ్యమ పరిశీలనకు ఎంతవరకు తోడ్పడతాయో కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: ఫైనల్ ఫాంటసీ, నాస్టాల్జియా, స్మృతి, కథనం, పునఃకథనం, ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం.

1. ఉపోద్ఘాతం:

“పాతవాటిలో ఉన్న కథాబలం కొత్తవాటిలో లేదు” అనే మాట కావ్యాల విషయంలోనూ, నవలల విషయంలోనూ, సినిమాల విషయంలోనూ తరచుగా వినిపిస్తుంది. వీడియో గేములకు ఇప్పుడు అంతటి గతం ఏర్పడింది కనుక వాటి విషయంలోనూ ఇదే మాట వినవస్తోంది. ఈ మాట నిజమే కావచ్చు. అయితే చెప్పేవారు పోలుస్తున్నది రెండు రచనలనా, లేక తమ జీవితంలోని రెండు దశలనా అన్నది ముందుగా తేలాలి.

ఈ ప్రశ్న నాకు పరోక్షమైనది కాదు. ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఒక మిత్రుడి కంప్యూటరులో ఈ పరంపరలోని ఏడవ భాగాన్ని ఆడాను. అందులో ఏరిత్ అనే పాత్ర మరణించే సన్నివేశం చాలా దీర్ఘమైనదని, అందులో సుదీర్ఘమైన సంభాషణ ఉందని ఏళ్ల తరబడి నమ్మాను. తరగతిలో ఒకసారి ఉదాహరణగా కూడా చెప్పాను. ఇటీవల మళ్లీ ఆడినప్పుడు ఆ సన్నివేశం నా జ్ఞాపకంలో ఉన్నదానికంటే ఎంతో క్లుప్తమైనదని తెలిసింది. నేను ప్రశంసిస్తూ వచ్చిన సంభాషణలో కొంత నా కల్పనే. మూలాన్ని మళ్లీ చూడకుండా జ్ఞాపకం నుంచి విలువ కట్టరాదన్న పరిశోధన నియమం ఇక్కడ కూడా వర్తిస్తుందని ఆ అనుభవం నేర్పింది.

2. నాస్టాల్జియా - భావన:

‘నాస్టాల్జియా’ అనే పదాన్ని 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి బాసెల్‌లో సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో రూపొందించాడు. ఇంటికి తిరిగి చేరడం, బాధ అనే అర్థాలు గల రెండు గ్రీకు పదాల కలయిక అది. పుట్టుకలో అది ఒక వ్యాధి పేరు. స్వదేశానికి దూరమైనవారి బెంగకు వైద్యులు పెట్టిన పేరు క్రమంగా స్థలాన్ని వదిలి కాలానికి అంటుకుంది.

స్వెత్లానా బాయ్మ్ 2001లో ప్రచురించిన ‘ద ఫ్యూచర్ ఆఫ్ నాస్టాల్జియా’ గ్రంథంలో దీనిని రెండు విధాలుగా విభజించారు. పోయినదాన్ని ఉన్నదున్నట్లు తిరిగి కట్టాలనుకునేది మొదటిది. దానిని ‘పునరుద్ధరణాత్మకం’ అనవచ్చు. పోయినది పోయిందని ఎరిగి, ఆ దూరాన్నే తలపోసేది రెండవది. అది ‘చింతనాత్మకం’. ఈ విభజన ప్రస్తుత పరిశీలనకు ఉపకరిస్తుంది.

భారతీయ అలంకారశాస్త్రం ‘స్మృతి’ని ముప్పై మూడు సంచారిభావాలలో ఒకటిగా పరిగణించింది. సంచారి స్థాయిని పోషిస్తుంది, వచ్చి పోతుంది. కేవలం స్మృతి కలిగించిందన్న కారణంతో ఒక రచనను ఉత్తమమని నిర్ణయించడం సంచారిని స్థాయిగా పొరబడటమే అవుతుంది. ఆ స్మృతి ఏ స్థాయిని పోషిస్తున్నదో చూపగలిగినప్పుడే అది విమర్శ అవుతుంది.

3. పరంపర స్వరూపం:

మొదటి ‘ఫైనల్ ఫాంటసీ’ని హిరొనోబు సకాగుచి రూపకల్పనలో స్క్వేర్ సంస్థ 1987 డిసెంబరులో ఫామికాన్ యంత్రం కోసం విడుదల చేసింది. ప్రధాన భాగాలలో సాధారణంగా ఒక దాని కథకు మరొకదానితో సంబంధం ఉండదు. ప్రతి భాగంలో లోకం, పాత్రలు, చరిత్ర కొత్తవి. స్ఫటికాలు, చోకోబో అనే పక్షి, కోణాకారపు టోపీ ధరించిన మాంత్రికుడు, నొబువో ఉఎమాత్సు కూర్చిన కొన్ని బాణీలు వంటి చిహ్నాలు మాత్రం పునరావృతమవుతాయి. అంటే ఈ పరంపరకు ఏకత్వాన్నిచ్చేది కథ కాదు, గుర్తు. గుర్తు పట్టడంలోని ఆనందం మీద నిలిచిన పరంపర కనుక ఇందులో గతస్మృతికి మొదటినుంచీ చోటుంది.

ఆటగాళ్లందరికీ ఈ పరంపర ఒకే వరుసలో అందలేదన్న విషయం కూడా గమనార్హం. ఉత్తర అమెరికాలో నాలుగవ భాగం ‘రెండు’గా, ఆరవ భాగం ‘మూడు’గా వెలువడ్డాయి. 1997లో ఏడవ భాగం దాని అసలు సంఖ్యతోనే వచ్చింది. కాబట్టి ‘తొలినాటి రచనలు’ అన్న మాటకు జపాన్ ఆటగాడి దృష్టిలో ఒక అర్థం, అమెరికా ఆటగాడి దృష్టిలో మరొక అర్థం ఉన్నాయి. ‘స్వర్ణయుగం’ అన్నది చాలావరకు ఎవరు ఏ ద్వారం గుండా ప్రవేశించారన్నదాన్ని బట్టి మారుతుంది.

4. కథనరీతుల తులనాత్మక పరిశీలన:

జ్ఞాపకానికి లోబడకుండా పోల్చడానికి మూడు ప్రశ్నలను ప్రమాణాలుగా తీసుకోవచ్చు. కథ ఎవరు చెబుతున్నారు? ఆటగాడి చేతికి ఏ పని ఇచ్చారు? చెప్పకుండా వదిలినది ఏది?

4.1 మొదటి భాగం (1987): ఇందులోని నలుగురు వీరులకు పేర్లు పెట్టేది ఆటగాడే. ఆరు వృత్తులలోంచి వారి వృత్తులను ఎంచేది కూడా ఆటగాడే. వారికి సొంత మాట లేదు, గతం లేదు. వోల్ఫ్‌గాంగ్ ఈజర్ పాఠకప్రతిస్పందన సిద్ధాంతంలో చెప్పిన ‘ఖాళీలు’ ఇక్కడ దాదాపు కథ నిండా ఉన్నాయి. వాటిని నింపింది ఆటగాడి ఊహ. ఆ ఆటను తలచుకున్నప్పుడు కలిగే ఆప్యాయతలో అతని సొంత సృష్టి మీద మమకారం కూడా కలిసి ఉంటుంది.

4.2 నాలుగవ భాగం (1991): సెసిల్ అనే నాయకుడికి పేరు, పదవి, అపరాధం అన్నీ రచయితలే ఇచ్చారు. రాజాజ్ఞను పాటిస్తూ తెలియక ఒక గ్రామాన్ని దగ్ధం చేసిన యోధుడు అతడు. అతని పరివర్తనను ఒక పోరాటంగా చూపారు. తన చీకటి రూపమే ఎదురు నిలిచినప్పుడు ఆటగాడు దాడి చేయకుండా ఓర్చుకోవాలి. అప్పటివరకు కత్తి దూయడమే నేర్పిన ఆట ఇక్కడ చేయి ఆపమంటుంది. పశ్చాత్తాపం సంభాషణలో కాక క్రియలో వ్యక్తమవుతుంది. ఇది వాచికానికంటే భిన్నమైన, ఈ మాధ్యమానికే ప్రత్యేకమైన అభినయం.

4.3 ఆరవ భాగం (1994): ఇందులో పద్నాలుగు మంది పాత్రధారులున్నారు, ఏకైక నాయకుడు లేడు. ప్రతినాయకుడైన కెఫ్కా కథ మధ్యలో నిజంగానే లోకాన్ని ధ్వంసం చేస్తాడు. తరువాత సెలెస్ అనే పాత్ర ఒక ద్వీపంలో మేల్కొని, రోగగ్రస్తుడైన వృద్ధుడికి చేపలు పట్టి తినిపిస్తుంది. అతడు బతకడం, చనిపోవడం ఆటగాడు పట్టే చేపలపై ఆధారపడుతుంది. ఆపై చెల్లాచెదురైన సహచరులలో చాలామందిని వెతకడం ఐచ్ఛికం. అందువల్ల పూర్వార్ధం రచయిత నడిపిన కథగాను, ఉత్తరార్ధం ఆటగాడు తిరిగి కూర్చిన కథగాను నడుస్తాయి. లోకం విచ్ఛిన్నమైనప్పుడు కథనం కూడా విచ్ఛిన్నమైంది.

4.4 ఏడవ భాగం (1997): ప్లేస్టేషన్‌లో మూడు డిస్కులుగా వచ్చిన ఈ భాగపు కేంద్రాంశమే జ్ఞాపకం. నాయకుడు క్లౌడ్ తన గతాన్ని సహచరులకు దీర్ఘంగా వివరిస్తాడు. ఆటగాడు దానిని స్వయంగా ఆడతాడు కనుక అనుమానించడు. ఆ గతంలో జాక్ అనే మరొకరి అనుభవం కలగలిసిందని చాలాసేపటికి గాని తెలియదు. అవిశ్వసనీయ కథకుడిని నవలలో చదవడం ఒక అనుభవం, అతని అబద్ధపు గతాన్ని మన చేతులతో నడిపించడం మరొక అనుభవం.

ఇందులోని నీబెల్‌హైమ్ అనే ఊరి వృత్తాంతం ప్రస్తుత చర్చకు కీలకం. క్లౌడ్ కళ్లముందే కాలిపోయిన ఆ స్వగ్రామం అతడు తిరిగివచ్చేసరికి చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. షిన్రా అనే సంస్థ దానిని యథాతథంగా కట్టించి, ఊరివాళ్లుగా నటించడానికి మనుషులను పెట్టింది. ఇక్కడ ఏమీ జరగలేదని వాళ్లంటారు. బాయ్మ్ చెప్పిన పునరుద్ధరణాత్మక నాస్టాల్జియాకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు. ఇల్లు తిరిగివచ్చింది, అందులో ఎవరూ తనవాళ్లు కారు.

4.5 తొమ్మిదవ భాగం (2000): యంత్రనగరాల వాతావరణంలో సాగిన ఏడు, ఎనిమిది భాగాల తరువాత ఇది ఉద్దేశపూర్వకంగా కోటలు, స్ఫటికాలు, కోణాకారపు టోపీల లోకానికి మరలింది. అయితే ఆ టోపీ ధరించిన వివి అనే బాలమాంత్రికుడు తాను తయారుచేయబడినవాడినని, తనవంటివారి ఆయుష్షు స్వల్పమని తెలుసుకుంటాడు. మొదటి భాగంలో ఖాళీగా ఉన్న ఆ బొమ్మకు ఇక్కడ మరణభయం వచ్చింది. పాత గుర్తును తిరిగి వాడి, అందులో లేని ప్రశ్నను పెట్టడం చింతనాత్మక నాస్టాల్జియాకు నిదర్శనం.

4.6 పదవ భాగం (2001): పాత్రలకు నటుల గొంతు వచ్చిన తొలి ప్రధాన భాగం ఇది. శిథిలనగరం దగ్గర నెగడు చుట్టూ కూర్చున్న మిత్రుల మధ్య టీడస్ తన కథ చెప్పడం మొదలుపెడతాడు. కథ ఎంతో దూరం నడిచాక మళ్లీ ఆ నెగడు దగ్గరకు చేరి, అక్కడితో గతం ముగిసి వర్తమానం మొదలవుతుంది. టీడస్ వచ్చిన జానార్కాండ్ నగరం, నశించిన నగరాన్ని కాపాడుకోవాలని నిలిపిన ఒక స్వప్నమని చివరకు తెలుస్తుంది. ఆ స్వప్నం నిలవడానికి సజీవులైన మనుషులు వెయ్యేళ్లు విధ్వంసాన్ని భరించారు. గతాన్ని యథాతథంగా నిలపాలనుకుంటే దాని మూల్యం ఎవరు చెల్లిస్తారన్న ప్రశ్న ఇందులో ఉంది.

5. పునఃకథనం - ఏడవ భాగం తిరిగి రావడం:

2020 ఏప్రిల్‌లో ‘ఫైనల్ ఫాంటసీ సెవెన్ రీమేక్’, 2024 ఫిబ్రవరిలో దాని తరువాయి ‘రీబర్త్’ వెలువడ్డాయి. 1997 నాటి కథలో మిడ్గార్ నగరంలో జరిగే ప్రారంభఘట్టం మాత్రమే రీమేక్‌కు సంపూర్ణ కథావస్తువు అయింది.

సంస్కృత లాక్షణికులు రూపక కథావస్తువును ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా చెప్పారు. 1997లో ఏడవ భాగం ఉత్పాద్యం. ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. 2020 నాటికి అదే కథ ప్రఖ్యాతమైంది. ఏరిత్ మరణిస్తుందని ఆట ఆడనివారికి కూడా తెలుసు. ప్రఖ్యాతకథకు స్వకల్పన జోడించిన రీమేక్‌ను మిశ్రం అనవచ్చు. కేవల కల్పితం కంటే, ప్రసిద్ధకథ కంటే, కవికల్పనతో సానబట్టిన పూర్వకథనే రామరాజభూషణుడు వసుచరిత్ర అవతారికలో శ్రేష్ఠంగా ఎంచాడు. ఆ తూకం సులభం కాదని రీమేక్ నిరూపిస్తుంది.

ఎందుకంటే రీమేక్‌లో మూలకథను కాపాడటమే పనిగా గల ‘విస్పర్స్’ అనే ఛాయారూపాలు ప్రవేశించాయి. పాత్రలు పాత కథనుంచి తప్పుకున్నప్పుడల్లా అవి అడ్డుపడి సరిదిద్దుతాయి. చివరికి ఆటగాడు వాటితోనే పోరాడి గెలవాలి. పాత కథ మారరాదని పట్టుబట్టే అభిమానిని కథలోపలికి తెచ్చి, అతని చేతనే ఆ పట్టును ఓడించే ప్రయత్నంగా దీన్ని అర్థం చేసుకోవచ్చు. రీబర్త్‌లో ఏరిత్ సన్నివేశం వచ్చినప్పుడు, జరిగినది ఏమిటన్నది రెండు అవకాశాల మధ్య ఊగిసలాడుతుంది.

ఇక్కడ ఒక లాభం, ఒక నష్టం ఉన్నాయి. మూలంలో ఆ మరణం క్లుప్తమైనది, తిరుగులేనిది. తరువాత వచ్చే పోరాటంలో కూడా ఏరిత్ బాణీయే మోగుతుంది, జట్టులో ఆమె స్థానం ఖాళీగా మిగులుతుంది. ఆ నిశ్చయత్వమే శోకస్థాయికి ఆధారం. రీబర్త్‌లో ఆ నిశ్చయత్వం లోపించి ప్రశ్న మిగిలింది. శోకం పలచబడింది. అయితే అంగీకరించలేని మరణాన్ని చూసే క్లౌడ్ మనసు మరింత దగ్గరగా కనిపించింది. మూలాన్ని మళ్లీ ఆడిన తరువాత కూడా ఆ సన్నివేశం వరకు 1997 నాటి కథనమే బలమైనదని నా అభిప్రాయం. ఇప్పుడు దానికి కారణం చూపగలను. గతంలో చూపగలిగేవాడినని చెప్పలేను.

6. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

* ‘ఫైనల్ ఫాంటసీ’ భాగాలను కలిపేది కథ కాదు, పునరావృతమయ్యే గుర్తులు. కనుక స్మృతి ఈ పరంపర నిర్మాణంలోనే భాగం.

* సాంకేతిక పరిమితి వల్ల తొలి భాగాలలో మిగిలిన ఖాళీలను ఆటగాడి ఊహ నింపింది. పాత ఆటల మీది ప్రశంసలో ఆ ఊహ వాటాను వేరుచేసి చూడాలి.

* నీబెల్‌హైమ్, జానార్కాండ్ వృత్తాంతాల ద్వారా గతాన్ని యథాతథంగా పునరుద్ధరించాలనే కోరికను ఈ పరంపర స్వయంగా విమర్శించింది. నాస్టాల్జియాకు లొంగిన పరంపర అని దీనిని తోసిపుచ్చడం తగదు.

* రీమేక్ రచనలను ‘మూలానికి విధేయత’ అనే ఒక్క ప్రమాణంతో కాక, ప్రఖ్యాతవస్తువును కల్పన ఏ మేరకు పోషించిందన్న ప్రమాణంతో తూచడం సముచితం. ఈ ప్రమాణం మన కావ్యవిమర్శకు చిరపరిచితమైనదే.

* పాత రచన గొప్పదన్న అభిప్రాయం తప్పు కానక్కరలేదు. మూలాన్ని తిరిగి పరిశీలించి, కారణం చూపిన తరువాతే అది విమర్శగా నిలుస్తుంది.

నేటి విద్యార్థులలో చాలామంది కథను మొదట కలుసుకుంటున్నది తెరమీద. వారు తమ బాల్యపు ఆటల గురించి చెప్పే మాటలను తేలికగా కొట్టిపారేయకుండా, ఆ మాటలకు కారణాలు వెతకడం నేర్పగలిగితే, అదే శిక్షణ వారిని ప్రబంధాల దగ్గరకు కూడా తీసుకురాగలదు.